నేతిబీరలో నెయ్యి – నేతిలో మందు



విశాఖపట్టణం పాతనగరంలోని పూర్ణా మార్కెట్ తెలిసినవారికి అక్కడి పచారీ కొట్లను గురించి వేరుగా చెప్పనక్కరలేదు. పప్పులు, బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు, నూనె డబ్బాలు, వాటి నడుమ నెయ్యి. ఒకప్పుడు అక్కడ నేతి గుణాన్ని రెండు మాటలలో తేల్చేవారు: వాసన బాగున్నదా, పూసకట్టినదా. ఈనాడు నేతి సీసాల మీద రసాయనశాస్త్రం అచ్చవుతున్నది. ఒక సీసా మీద సి.ఎల్.ఏ. సమృద్ధిగా ఉన్నదని, మరొక దాని మీద బ్యుటిరిక్ ఆమ్లం పేగులకు రక్ష అని, ఇంకొక దాని మీద సహజమైన కొవ్వు గుండెకు మేలు అని వ్రాసి ఉంటుంది. అర్థం కాని మాటకు బలం ఎక్కువ. కొట్టువాడు ఆ మాటలు చదివి వినిపిస్తాడు. కొనేవాడు తల ఊపి మామూలు నేతికి మూడు నాలుగు రెట్ల వెల చెల్లించి వెళతాడు.

ఈ పదార్థాలు కల్పితాలు కావు. అవన్నీ నేతిలో నిజంగానే ఉన్నాయి. అసత్యం వాటి పేరులో లేదు, మోతాదులో ఉన్నది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే: హాని చేయని మోతాదులో నెయ్యి మందు కాదు, మందు కాదగిన మోతాదులో అది హాని చేయక మానదు. నెయ్యి ఆహారం. దానిని ఆహారంగా తినండి. మందని నమ్మి కొనకండి. ముఖ్యంగా, మందని నమ్మి మీ అసలు మందులు మానకండి.

పాల కొవ్వులో ఏమున్నది?

పాల కొవ్వులో సుమారు నాలుగు వందల రకాల కొవ్వు ఆమ్లాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ప్రకృతిలో ఇంత వైవిధ్యం గల కొవ్వు మరొకటి అరుదు. అయితే ఆ నాలుగు వందలలో అత్యధికం లేశమాత్రాలు. సింహభాగం కొద్దింటిదే.

నూరు గ్రాముల నేతిని తీసుకోండి. అందులో సుమారు 60 నుండి 65 గ్రాములు సంతృప్త కొవ్వు ఆమ్లాలు. పామిటిక్ ఆమ్లం ఒక్కటే పాతిక గ్రాములకు పైగా, మిరిస్టిక్ ఆమ్లం పది గ్రాముల వరకు ఉంటాయి. రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ను, అనగా అల్పసాంద్రత లైపోప్రోటీన్‌లను, పెంచేవి ప్రధానంగా ఈ రెండూ, వాటితో పాటు లారిక్ ఆమ్లం. ఇంకొక పాతిక గ్రాముల వరకు ఒలీయిక్ వంటి ఏకద్విబంధ ఆమ్లాలు. బ్యుటిరిక్ ఆమ్లం 3 నుండి 4 గ్రాములు. సహజ ట్రాన్స్ కొవ్వు ఆమ్లాలు 2 నుండి 5 గ్రాములు. సీసా మీద పెద్ద అక్షరాలలో కనిపించే సి.ఎల్.ఏ., అనగా సంయుగ్మ లినోలిక్ ఆమ్లం, సాధారణంగా ఒక గ్రాము, అంతకు అటూ ఇటూ.

అరవై గ్రాముల సంగతి చెప్పకుండా ఒక గ్రాము సంగతి చెప్పుటను ఏమనాలో పాఠకులే నిర్ణయించండి.

కడుపులో పుట్టినదీ, కర్మాగారంలో పుట్టినదీ

సహజ ట్రాన్స్ కొవ్వును గురించి ముందుగా ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఆవు, గేదె, మేక నెమరువేసే జంతువులు. వాటి పొట్టలోని మొదటి గది పెద్ద పులియబెట్టే తొట్టి వంటిది. మేతలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలకు అక్కడి సూక్ష్మజీవులు ఉదజనిని చేర్చి సంతృప్త కొవ్వులుగా మారుస్తాయి. ఆ మార్పు నడిమధ్యలో ఆగిపోయిన కొంత భాగం వాక్సెనిక్ ఆమ్లంగా, రుమెనిక్ ఆమ్లంగా పాలలోకి వస్తుంది. రుమెనిక్ ఆమ్లమే పాలలోని ముఖ్యమైన సి.ఎల్.ఏ. మనం తిన్న వాక్సెనిక్ ఆమ్లంలో సుమారు అయిదవ వంతును మన శరీరం కూడా రుమెనిక్ ఆమ్లంగా మార్చుకొనగలదు. పచ్చిక మేసిన పశువు పాలలో ఇవి ఎక్కువ. ఎండుగడ్డి, దాణా తిని కట్టుకొయ్య దగ్గరే నిలబడిన పశువు పాలలో తక్కువ.

వనస్పతి కథ వేరు. నూనెలోకి నికెల్ సమక్షంలో ఉదజనిని పంపి, గడ్డకట్టించి, నేతిని పోలిన ముద్దను తయారుచేశారు. మన దేశంలో 1937 నుండి అది డాల్డాగా ఇంటింటికీ పరిచయమైనది. ఈ ప్రక్రియలో పుట్టే ట్రాన్స్ కొవ్వులలో ఎలాయిడిక్ ఆమ్లం వంటివి అధికం. పాత వనస్పతిలో మూడవ వంతు, కొన్నిటిలో అంతకు మించి, ట్రాన్స్ కొవ్వే. ఆహార శక్తిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం పెరిగితే హృద్ధమనుల వ్యాధి 23 శాతం పెరుగుతుందని 2006లో ప్రచురితమైన సమీక్ష తేల్చినది. మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నూనెలలో, కొవ్వులలో పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వు పరిమితిని 2021లో 3 శాతానికి, 2022లో 2 శాతానికి దించినది. ఆ నియమం పాలలోని సహజ ట్రాన్స్ కొవ్వుకు వర్తించదు.

కనుక ‘నేతిలోనూ ట్రాన్స్ కొవ్వు ఉన్నది, అది డాల్డాతో సమానం’ అని బెదరగొట్టేవారు పొరబడుతున్నారు. రోజుకు 20 గ్రాముల నెయ్యి తినేవారికి దాని నుండి వచ్చే సహజ ట్రాన్స్ కొవ్వు ఒక గ్రాము మించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పునరుద్ఘాటించిన పరిమితి మొత్తం ఆహార శక్తిలో 1 శాతం. 2000 కాలరీల ఆహారానికి అది 2.2 గ్రాములు. అయితే ఆ సంస్థ ఈ లెక్కలో కర్మాగారపు ట్రాన్స్‌ను, పశువు కడుపులోని ట్రాన్స్‌ను కలిపే లెక్కించినదని గమనించండి.

ఎందుకు కలిపినది? సహజమన్నంత మాత్రాన ఎంత మోతాదైనా నిరపాయమని పరీక్షలు చెప్పలేదు కనుక. కెనడాలోని క్విబెక్‌లో 2008లో ప్రచురించిన పరీక్షలో పాల కొవ్వులోని సహజ ట్రాన్స్‌ను రోజుకు సుమారు 4 గ్రాములు ఇచ్చినప్పుడు చెడ్డ కొలెస్టరాల్ మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. 10 గ్రాములకు పెంచినప్పుడు అది పెరిగినది. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2015లో ప్రకటించిన పరీక్షలో వాక్సెనిక్ ఆమ్లాన్ని ఎక్కువ మోతాదులో ఇస్తే మంచి కొలెస్టరాల్‌తో పాటు చెడ్డది కూడా పెరిగినది. కొంచెమైతే అమాయకమైనది, ఎక్కువైతే అమాయకత్వం కోల్పోయినది. ఈ రెండు పరీక్షలు చెప్పేది ఇంతే.

సి.ఎల్.ఏ. లెక్క

సి.ఎల్.ఏ. చరిత్ర ఆసక్తికరమైనది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ పరీజా 1970ల చివర కాల్చిన గొడ్డుమాంసంలో క్యాన్సర్ కారకాలను వెదకుతూ, అందుకు విరుద్ధంగా పనిచేసే పదార్థం ఒకటి ఉన్నదని కనుగొన్నారు. 1987లో అది సంయుగ్మ లినోలిక్ ఆమ్లమని తేలినది. ఎలుకలలో అది కొన్ని కణుతులను అడ్డుకొన్నది, కొవ్వును తగ్గించినది. అక్కడి నుండి వ్యాపారం మొదలైనది.

మనుషుల మీద బరువు తగ్గించుటకు జరిపిన పరీక్షలలో వాడిన మోతాదు సగటున రోజుకు 3 గ్రాములకు పైగా. అంత వాడినా తగ్గిన కొవ్వు వారానికి నూరు గ్రాముల లోపే. ఇప్పుడు లెక్క వేయండి. గ్రాము నేతిలో సి.ఎల్.ఏ. పది మిల్లీగ్రాములనుకొందాం. చెంచాడు నెయ్యి, అనగా 5 గ్రాములలో 50 మిల్లీగ్రాములు. 3 గ్రాముల సి.ఎల్.ఏ. కావాలంటే రోజుకు 300 గ్రాముల నెయ్యి త్రాగాలి. అందులో 2700 కాలరీలు, సుమారు 180 గ్రాముల సంతృప్త కొవ్వు, పదిహేను గ్రాముల వరకు సహజ ట్రాన్స్ కొవ్వు ఉంటాయి. బరువు తగ్గించే మందు కొరకు బరువు పెంచే ఆహారాన్ని పడికొలతతో త్రాగుట ఏ వైద్యమో నాకు బోధపడదు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, నేతిలో ఈ మందు అంత.

ఇంకొక మాయ కూడా ఉన్నది. ఆ పరీక్షలలో వాడిన గుళికలు నేతి నుండి తీసినవి కావు. కుసుమ నూనె వంటి వాటి నుండి కర్మాగారంలో తయారుచేసినవి. వాటిలో సుమారు సగం పాల కొవ్వులో దాదాపు లేని మరొక రూపం. ఆ రూపాన్ని విడిగా ఇచ్చిన స్వీడన్ పరీక్షలో స్థూలకాయుల శరీరంలో ఇన్సులిన్ పనితనం తగ్గినది. గుళిక ఫలితాన్ని నేతికి అంటగట్టుట, నేతి పవిత్రతను గుళికకు అంటగట్టుట, రెండూ ఒకే దుకాణంలో సాగుతున్నాయి.

బ్యుటిరిక్ ఆమ్లం – చేతిలోని వెన్న

బ్యుటిరిక్ ఆమ్లం పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం. ఇది నిజం. చెంచాడు నేతిలో అది 150 నుండి 200 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇదీ నిజమే. ఈ రెండు నిజాలను కలిపి చెప్పే మూడవ మాట మాత్రం నిజం కాదు. నేతిలోని బ్యుటిరిక్ ఆమ్లం జీర్ణాశయంలో, చిన్నపేగులో విడివడి, అక్కడే గ్రహింపబడి, కాలేయానికి వెళ్ళిపోతుంది. పెద్దపేగు వరకు అది చేరదు.

మరి పెద్దపేగుకు ఆ ఇంధనం ఎక్కడి నుండి వస్తుంది? మనం తిన్న పీచు పదార్థాన్ని అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టుట వలన వస్తుంది. కందిపప్పు, ఉలవలు, చోళ్ళు, తోటకూర, గోంగూర, జామకాయ బాగుగా తినేవారి పెద్దపేగులో రోజుకు కొన్ని గ్రాముల బ్యుటిరిక్ ఆమ్లం ఉచితంగా తయారవుతుంది. పూర్ణా మార్కెట్లో ఉలవల బస్తా ముందు నిలబడి, బ్యుటిరిక్ ఆమ్లం కొరకు నేతి సీసా వెల అడుగుట, వెన్న చేతిలో పెట్టుకొని నేతికై ఊరంతా తిరిగినట్లే.

ఒక విషయంలో బ్యుటిరిక్ ఆమ్లానికి నమస్కరించాలి. పామాయిలు మొదలైన మామూలు వంటనూనెలలో అది ఉండదు. కాబట్టి రసాయన పరీక్షకులు దానిని కొలిచి నేతిలో కల్తీని పట్టుకొంటారు. 2024లో తిరుమల లడ్డూ నేతి వివాదం వచ్చినప్పుడు కొవ్వుల విశ్లేషణను గురించి తెలుగునాట ఇంటింటా చర్చ జరిగినది. బజారులో ఈ ఆమ్లం మనకు చేసే గొప్ప ఉపకారం ఇదే: అది నేతికి గుర్తింపు పత్రం, రోగికి మందుచీటీ కాదు.

పాలకు వచ్చిన మార్కులు నేతికి వేయుట

‘డాక్టరు గారూ, పాల కొవ్వు తినేవారికి మధుమేహం తక్కువని పాశ్చాత్య పరిశోధనలే చెబుతున్నాయి గదా’ అని చదువుకొన్నవారు నన్ను అడుగుతారు. మంచి ప్రశ్న. పాల కొవ్వులో బేసి సంఖ్య కర్బన పరమాణువులు గల ఆమ్లాలు, అనగా 15, 17 కర్బనాలవి, కొద్దిగా ఉంటాయి. రక్తంలో ఇవి ఎక్కువగా ఉన్నవారికి మధుమేహం తక్కువగా వచ్చినదని 2014లో ఐరోపా దేశాలలో జరిగిన పెద్ద అధ్యయనం చూపినది. 21 దేశాలలో లక్షా ముప్పై ఆరు వేల మందిని పరిశీలించి 2018లో ప్రచురించిన ప్యూర్ అధ్యయనం కూడా పాలు, పెరుగు ఎక్కువగా తీసుకొన్నవారిలో మరణాలు తక్కువని చెప్పినది. అందులో భారతీయులు కూడా ఉన్నారు.

అయితే ఇవి పరిశీలనలే గాని ప్రయోగాలు కావు. పాలు, పెరుగు కొనగలవారికి మిగిలిన భాగ్యాలు కూడా ఉండవచ్చు. పైగా ఆ మేలు ప్రధానంగా కనబడినది పాలకు, పెరుగుకు. వెన్నకు అట్టి మేలు రుజువు కాలేదు.

ఇక్కడ ఒక ప్రయోగం ప్రతి తెలుగువాడూ తెలుసుకోదగినది. స్వీడన్‌లో 2015లో ప్రచురించిన ఆ పరీక్షలో అధిక బరువు గలవారికి ఎనిమిది వారాల పాటు రోజుకు 40 గ్రాముల పాల కొవ్వు ఇచ్చారు. ఒక వర్గానికి మీగడ రూపంలో, రెండవ వర్గానికి వెన్ననూనె రూపంలో. వెన్ననూనె అంటే దాదాపు మన నెయ్యే. కొవ్వు అదే, మోతాదు అదే. మీగడ తిన్నవారిలో చెడ్డ కొలెస్టరాల్ పెరగలేదు. వెన్ననూనె తిన్నవారిలో పెరిగినది. పాలలో ప్రతి కొవ్వు బిందువు చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. చిలికి, వెన్న తీసి, కాచినప్పుడు ఆ పొర పోతుంది. మేలు కొవ్వు ఆమ్లం ఒక్కదానిలో లేదు, అది ఉన్న ఆహారపు అమరికలో ఉన్నదని దీని భావం. పెరుగుకు వచ్చిన మార్కులను నేతి ఖాతాలో వేయుట పరీక్షలో కాపీ కొట్టుట వంటిది.

‘ఏ2 నెయ్యి’ అనే మాట కూడా ఇటువంటిదే. ఏ1, ఏ2 అనేవి పాలలోని బీటా కేసిన్ అనే మాంసకృత్తికి సంబంధించిన భేదాలు. నెయ్యి దాదాపు పూర్తిగా కొవ్వు. లేని మాంసకృత్తికి రెండు రకాలెక్కడివి? 2024 ఆగస్టులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఈ మాటలను ప్యాకెట్ల మీద నుండి తొలగించమని ఉత్తరువిచ్చి, వారం తిరగకముందే ఆ ఉత్తరువును ఉపసంహరించుకొన్నది. ఉత్తరువు మారినంత మాత్రాన రసాయనశాస్త్రం మారదు.

నష్టపోయేది ఎవరు?

దీనిని చిన్న విషయమని అనుకొనకండి. గుండెలో స్టెంటు వేయించుకొన్న ఒక పదవీ విరమణ చేసిన కార్మికుడు నా వద్దకు వచ్చాడు. ఆరు నెలలుగా కొలెస్టరాల్ మాత్ర మానివేసి, ఉదయాన్నే పరగడుపున రెండు పెద్ద చెంచాల నెయ్యి త్రాగుతున్నాడు. ‘సహజమైన కొవ్వు ధమనులలోని పూడికను కడిగివేస్తుందన్నారండీ’ అన్నాడు. ధమని కాలువ కాదు, పూడిక బురద కాదు, నెయ్యి నీరు కాదు. ఆ రెండు చెంచాల నేతిలోనే సుమారు 18 గ్రాముల సంతృప్త కొవ్వు ఉన్నది. 2000 కాలరీల ఆహారంలో రోజంతటికీ పరిమితి 22 గ్రాములు. అతని రక్త పరీక్ష ఫలితం నేను చెప్పనక్కరలేదు. స్టెంటు వేసిన తరువాత స్టాటిన్ మాత్రను తనంతట తాను మానివేసినవారిలో మరల గుండెపోటు ముప్పు పెరుగుతుందనుట వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయం. ఆ ముప్పుకు సీసా అమ్మినవాడు గాని, వీడియో చేసినవాడు గాని పూచీ పడడు.

రెండవ నష్టం పేదవానిది. రేవులో బరువులు మోసే కుటుంబం బిడ్డ తెలివికని అప్పు చేసి ఖరీదైన నెయ్యి కొంటే, ఆ నెలలో గ్రుడ్లు, పాలు, పప్పు తగ్గుతాయి. బిడ్డ ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తులు నేతిలో లేవు.

‘మన తాతలు గరిటెలతో వేసుకొన్నారు గదా’ అనే మాట తరచుగా వింటాను. గరిటెలతో వేసుకొన్న తాతలు కొందరే. చాలా ఇళ్ళలో నెయ్యి పండుగనాటి మాట. వేసుకొన్నవారు నాగలి పట్టారు, కోసుల దూరం నడిచారు. 1950 ప్రాంతాలలో భారతీయుని సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ వద్ద ఉండేదని కూడా గుర్తుంచుకోవాలి. ఆయుర్వేద వైద్యులు కొన్ని మందులకు నేతిని అనుపానంగా వాడుట వేరు విషయం. వారు సైతం రోగిని చూసి, మోతాదు నిర్ణయించి ఇస్తారు గాని, సీసా ఇచ్చి పంపరు.

నా తోటి వైద్యులతో ఒక మాట

కనబడిన ప్రతి రోగికీ ‘నెయ్యి ముట్టకు’ అని శాసించే వైద్యులూ ఈ వ్యాపారానికి సాయం చేస్తున్నారు. పప్పన్నంలో చెంచాడు నెయ్యి వేసుకొనే ఆరోగ్యవంతుని నేరస్థుని చేస్తే, అతడు విసిగి, నేతిని అమృతమని చెప్పేవాని వద్దకు వెళతాడు. అదే సమయంలో మరిగించిన నూనెలోనే మరల మరల వేయించిన బజ్జీలను, చవుక కొవ్వుతో చేసిన మిఠాయిలను, బేకరీ పఫ్‌లను అడిగేవారు లేరు. రోగి పళ్ళెంలోని చెంచాడు నేతి కంటె సాయంత్రపు బండి మీది మూకుడు ఎక్కువ ప్రమాదకరమని చెప్పవలసిన బాధ్యత మనది.

ఏమి చేయాలి?

ఆరోగ్యవంతులు రోజుకు రెండు మూడు చిన్న చెంచాల నెయ్యి తినవచ్చు. అయితే అది నూనెకు అదనం కాదు, నూనెలో నుండి తగ్గించి తినవలసినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా నూనెలను, కొవ్వులను మితంగానే వాడమంటున్నాయి. గుండెజబ్బు, మధుమేహం, అధిక కొలెస్టరాల్ గలవారు ఎంత తినవచ్చునో తమ వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. నెయ్యి మొదలుపెట్టినా, పెంచినా, మూడు నెలలకు రక్తంలో కొవ్వుల పరీక్ష చేయించుకోండి. మీ శరీరం ఇచ్చే సాక్ష్యం ఏ ప్రకటన కంటెను నమ్మదగినది. పాల కొవ్వులోని మేలు కావాలంటే పెరుగు తినండి, మజ్జిగ త్రాగండి. పేగులకు మేలు కావాలంటే పప్పులు, ఆకుకూరలు పెంచండి. విడిగా తూచి ఇచ్చే నెయ్యి కొనకండి. దీపారాధనకని అమ్మే చవుక నేతిని వంటింటిలోకి రానీయకండి.

ఈసారి పూర్ణా మార్కెట్లో ఎవరైనా మీకు సీసా చూపి కొవ్వు ఆమ్లాల పేర్లు చదివితే, మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: ‘చెంచాడులో అది ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నదండీ? మేలు జరుగుటకు ఎన్ని కావాలి?’ సమాధానం వస్తే విని లెక్క వేసుకోండి. రాకపోతే, వాసన బాగున్న మామూలు నెయ్యి పావుకిలో కొనుక్కొని, మిగిలిన డబ్బుతో కందిపప్పు తెచ్చుకోండి.